అరువు సాక్ష్యం

ఇరవై ఏడేళ్ళుగా సూర్యప్రభ మనసులో ఒక అనుమానం అలాగే ఉండిపోయింది. తమ పెళ్ళికి నెల ముందు, ఎల్బీనగర్ చర్చిలో, బాప్తిస్మపు తొట్టి పక్కన నిలబడి ఆమె భర్త ప్రసన్నకుమార్ చెప్పిన సాక్ష్యం... ఆ మాటలు నిజంగా ఆయనవేనా?

"నేను కృష్ణ వరదలో కొట్టుకుపోతున్న ఎండు దుంగను. నాకోసం ఎవరూ చెయ్యి చాచలేదు. ఆయన ఒక్కడే నన్ను ఒడ్డుకు లాగాడు" అన్నాడాయన ఆ రోజు, గొంతు వణుకుతుండగా. సంఘమంతా కళ్ళు తుడుచుకుంది. ఇరవై మూడేళ్ళ సూర్యప్రభ అయితే వెక్కివెక్కి ఏడ్చింది. కానీ ఇంటికి వచ్చాక ఒక ఆలోచన వచ్చింది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో బత్తాయి బస్తాలు మోస్తూ పెరిగి, ఆర్టీసీలో మెకానిక్‌గా చేరిన మనిషి... అప్పటికి నర్సింహ అనే పేరుతో ఉన్న మనిషి... కృష్ణా నదిని కళ్ళతో చూసి కూడా ఎరగడే! ఆ వరద ఎక్కడిది? ఆ దుంగ ఎక్కడిది? దేవుడి కోసం నీళ్ళలోకి దిగాడా, తనను పెళ్ళాడడం కోసం దిగాడా?

అడగలేదు. అడిగితే ఏ జవాబు వస్తుందోనన్న భయం! అడగకుండానే కాపురం చేసింది, కూతురు జ్యోతికను కన్నది, ఆయన సంఘపెద్ద అయితే సంతోషించింది. అడగలేని ఆ ప్రశ్నను కథల్లో దాచుకుంది. స్త్రీల మాసపత్రికకు ఇప్పటిదాకా తొమ్మిది సీరియల్స్ రాసింది. పదో తరగతి చదివిన ఇల్లాలు రాస్తే ఎవరు చదువుతారనుకుంది గానీ, నంద్యాల నుంచి కూడా ఉత్తరాలు వచ్చేవి. అన్నింట్లోనూ అమ్మాయి ప్రార్థించేది, అబ్బాయి పదకొండో భాగంలో మారేవాడు, పన్నెండో భాగంలో పెళ్ళి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మారని అబ్బాయి కథ రాసి పంపితే సంపాదకులు తిప్పి పంపారు. 'సోదరీ, దయచేసి అబ్బాయిని రక్షించండి' అని పైన ఎర్ర సిరాతో రాసి మరీ! ఒళ్ళు మండిపోయింది. అయినా కూర్చుని రక్షించింది.

మూడో సీరియల్లో అయితే కథానాయకుడి నోట భర్త సాక్ష్యాన్నే పొల్లు పోకుండా పెట్టింది. అంత ఇష్టం ఆమెకు, ఆ మాటలంటే.

అందుకే ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, పెద్దల ముందు తెల్ల చొక్కా వేసుకుని నిలబడ్డ ప్రణీత్ నోరు తెరవగానే ఆమె గుండె ఆగినంత పనైంది!

ప్రణీత్‌ది కర్మన్‌ఘాట్. తాతల నాటి పొలాలు ప్లాట్లయిపోయిన కుటుంబం. దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్లో రీజనింగ్ చెబుతాడు. అక్కడే జ్యోతిక ఇంగ్లీషు చెబుతుంది. రెండేళ్ళ స్నేహం. బాప్తిస్మం తీసుకుంటేనే చర్చిలో పెళ్ళి అన్నారు పాస్టరుగారు. తీసుకుంటానన్నాడు. తీసుకునే ముందు పెద్దల ఎదుట సాక్ష్యం చెప్పాలి. అది ఈ సంఘంలో మొదటి నుంచీ ఉన్న పద్ధతి.

"చెప్పు బాబూ, భయపడకు" అన్నారు పాస్టరుగారు.

"నేను... కృష్ణ వరదలో కొట్టుకుపోతున్న ఎండు దుంగను..."

సూర్యప్రభ చేతిలోని బైబిలు జారి ఒళ్ళో పడింది.

"నాకోసం ఎవరూ చెయ్యి చాచలేదు..."

పక్కనే కూర్చున్న నాగేశ్వరి, స్త్రీల సమాజం కార్యదర్శి, ఆమె తొడ మీద గట్టిగా గిల్లింది.

"వదినా! ఇది మీ మూడో సీరియల్ కదూ? దీనికి నేను మూడుసార్లు ఏడ్చాను! ఇప్పుడు 'ఆయన ఒక్కడే' అంటాడు చూడండి!"

"ఆయన ఒక్కడే నన్ను ఒడ్డుకు లాగాడు!" అన్నాడు ప్రణీత్, ఎక్కడా తడబడకుండా.

మగవాళ్ళెవరూ స్త్రీల పత్రిక చదవరు, ఇరవై ఏడేళ్ళ కిందటి సాక్ష్యం ఎవరికీ గుర్తులేదు. అందుకని పెద్దలు ఐదుగురూ "హల్లెలూయా!" అన్నారు. వచ్చే ఆదివారమే బాప్తిస్మం, ఆ పై వారం నుంచి వరసగా మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన అని పాస్టరుగారు అక్కడికక్కడే చెప్పేశారు. ఆడవాళ్ళ వైపు మాత్రం కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక బెంచీలో జ్యోతిక లేచి నిలబడింది. మొహం ఎర్రగా కందిపోయింది. చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బయటికి వెళ్ళిపోయింది...

మధ్యాహ్నం ఇంట్లో కోడికూర చల్లారిపోయింది. ఎవరూ కంచం ముందు కూర్చోలేదు.

"నాన్నా, ప్రణీత్‌కి ఆ పత్రిక ఎవరిచ్చారు?" అని నిలదీసింది జ్యోతిక.

"నేనే ఇచ్చిన" అన్నాడు ప్రసన్నకుమార్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ. "పిల్లగాడు పరేషాన్ అయితుండె. ఏం చెప్పాల్నో తెల్వదంకుల్ అన్నడు. గిది చెప్పు, అయిపోతది అన్న. ఏంది తప్పు?"

"ఏం తప్పా! ఆడవాళ్ళందరూ నవ్వారు నాన్నా! నాకు ప్రణీత్ కావాలి. దుంగ కాదు!"

"నవ్వితే నవ్వనీ. పెద్దలు ఒప్పుకున్నరు గద."

"అంతేనా! ఒప్పుకుంటే చాలా?" జ్యోతిక తల్లి వైపు తిరిగింది. కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి. "అంతా నీవల్లేనమ్మా! చిన్నప్పటి నుంచీ నీ కథలు చదివి పెరిగాను. ప్రార్థన చేస్తే మారతాడు, మారితే పెళ్ళవుతుంది! ఎవరైనా అలా ఉంటారా? పన్నెండు భాగాల్లో మారిపోయే మనిషిని నువ్వు ఒక్కడినైనా చూశావా? నిజం చెప్పు!"

"చూశాను!" అంది సూర్యప్రభ ఉక్రోషంగా. "మీ నాన్నని చూశాను! ఆ మాటలు నేను కల్పించినవి కావు. తొట్టి పక్కన నిలబడి మీ నాన్న నోటితో చెప్పినవి. నేను రాసుకున్నానంతే!"

ప్రసన్నకుమార్ తువ్వాలు కుర్చీ మీద వేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"గవి నావి గూడ కావు బిడ్డా. మీ తాత రాసిచ్చిండు."

"ఎవరు?" అంది సూర్యప్రభ.

"మీ నాయననే. రెండు కాయితాల మీద రాసిండు. మూడు సాయంత్రాలు కూసోపెట్టి చెప్పిచ్చిండు. దుంగ అంటే ఏంది మామా అని గూడ అడిగిన. మొద్దురా, నీలాంటిదే అన్నడు."

జ్యోతికకు ఏడుపులోనే నవ్వొచ్చింది. సూర్యప్రభకు మాత్రం కాళ్ళ కింద నేల కదిలిపోయింది. తన తండ్రి! రేపల్లెలో పుట్టి, వరదలు చూసి, ఊరూరా సువార్త చెప్పిన తండ్రి! ఎన్ని రాత్రులు ఆ మాటలు తలుచుకుని మురిసిపోయింది! ఎంతమంది స్త్రీలను ఏడిపించింది వాటితో! తండ్రి మాటలు భర్త నోట్లోంచి, భర్త మాటలు తన కలంలోంచి, తన మాటలు ఆ పిల్లవాడి నోట్లోకి... అందరూ ఒకరి సాక్ష్యాన్ని ఒకరు అరువు తెచ్చుకున్నారు. దేవుడితో సొంతంగా మాట్లాడినవాళ్ళు ఈ ఇంట్లో ఒక్కరైనా ఉన్నారా?

"అయితే మీరు నమ్మనే లేదా?" అంది సూర్యప్రభ. "ఇన్నేళ్ళూ నాతో చర్చికి వచ్చింది, సంఘపెద్దగా కూర్చున్నది... అంతా నాకోసమేనా?"

"దిగినప్పుడు నీ కోసమే దిగిన. అబద్ధమెందుకు చెప్పాలె?" అన్నాడాయన. "తర్వాత ఎప్పుడు నమ్మిన్నో నాకే తెల్వదు. జ్యోతిక పుట్టినంక ఒకసారి నీకు టైఫాయిడ్ వచ్చి దవాఖానల ఉన్నవ్. ఆదివారం డ్యూటీ దిగి నేనొక్కన్నే చర్చికి పోయిన. సగం తొవ్వల యాదికొచ్చింది... నన్ను ఎవరు పొమ్మన్నరు? ఎవరూ పొమ్మనలే. అయినా పోయిన. గంతే. దానికి దుంగ లేదు, వరద లేదు. గట్లాంటిది పెద్దల ముందట ఏం చెప్తం?"

సూర్యప్రభ గోడవారన కూర్చుండిపోయింది.

"నన్ను అడుగుతున్నవ్ గని, నువ్వు నాకు ఒక జవాబు బాకీ ఉన్నవ్. యాదున్నదా?" అన్నాడు మళ్ళీ, కోపం లేకుండానే. "తొట్టిల దిగే ముందటి రోజు, మీ ఇంటి మెట్ల కాడ అడిగిన. నేను మునగకపోతే నన్ను చేసుకోవా అని. పెళ్ళయ్యాక చెప్తానన్నవ్. ఇగ చెప్పనే లేదు."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మూతలన్నీ తీసి మళ్ళీ పెట్టింది. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే ప్రార్థన రాలేదు. కోపమే వచ్చింది. 'ప్రభువా! ఇన్ని కథలు నీ మహిమ కోసమే రాశాననుకున్నానే! ఒక్కసారైనా ఆపలేదేం? ఇప్పుడు నా బిడ్డ పెళ్ళి ఒక అబద్ధం మీద నిలబడింది. నోరు మూసుకుంటే పెళ్ళవుతుంది. నోరు తెరిస్తే ఆగిపోతుంది. నన్నేం చెయ్యమంటావు?'

జవాబు రాలేదు. ఆమె కథల్లో అయితే ఈపాటికి వచ్చేది!

మర్నాడు సోమవారం. పదకొండింటికి షేర్ ఆటోలో దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళింది. కోచింగ్ సెంటర్ కింద జ్యూస్ బండి దగ్గర నిలబడి ప్రణీత్‌కి ఫోన్ చేసింది. క్లాసు మధ్యలోంచే పరుగెత్తుకొచ్చాడు, వేళ్ళకు మార్కర్ మరకలతో.

"ఆంటీ! మీరెందుకొచ్చిన్రు? నేనే ఇంటికొస్తుంటి గద! జ్యోతిక నిన్నటి సంది ఫోన్ ఎత్తుతలేదు..."

"ఎలా ఎత్తుతుంది బాబూ? నా కథ నాకే అప్పజెప్పావు!"

ప్రణీత్ తల వంచుకున్నాడు. "సారీ ఆంటీ. నేను ఇంటర్వ్యూ లెక్క అనుకున్న. మా స్టూడెంట్స్‌కు గిట్లనే ప్రిపేర్ చేపిస్తం. బ్యాంకుల ఎందుకు చేరాలనుకుంటున్నవ్ అంటే, దేశసేవ కోసం అని చెప్పమంటం. నమ్మి చెప్తరా ఏంది?"

"దేవుడి దగ్గర కూడా ఇంటర్వ్యూయేనా?"

సిటీ బస్సు హారన్ మోగిస్తూ పోయింది.

"ఆ మాటలు పక్కన పెట్టు బాబూ. నీ లోపల ఏముందో అది చెప్పు నాకు. కొంచెమైనా సరే."

"నిజం చెప్పాల్నా?"

"నిజమే చెప్పు. వినడానికే వచ్చాను."

చాలాసేపు వేళ్ళ మీది మరకను గోరుతో గీరాడు. "జ్యోతిక లంచ్ బాక్స్ తీసినంక, తినేముందు కండ్లు మూసుకుంటది గద ఆంటీ. ఒక్క నిమిషం. గప్పుడు నేను గూడ స్పూన్ కింద పెడ్త. మొదట్ల మర్యాదకు పెట్టిన. ఇప్పుడు ఆమె లీవుల ఉన్న రోజు గూడ పెడ్తున్న. ఎందుకో తెల్వదు. నా దగ్గర గింతనే ఉంది. గింతకన్న ఎక్కువ లేదు."

సూర్యప్రభ కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి. తొమ్మిది సీరియల్స్ రాసింది... ఇంత చిన్న మాట, ఇంత నిజమైన మాట ఒక్కసారైనా రాసిందా తను?

"ఈ ముక్క నిన్న చెప్పి ఉంటే ఏం పోయేదయ్యా!" అంది చీరకొంగుతో మొహం తుడుచుకుంటూ.

"గిది సాక్ష్యమైతదా ఆంటీ?"

ఆమె ఇంకో సంగతి అడిగింది. "మీ అమ్మగారికి తెలుసా?"

"లే. నీళ్ళల్ల దిగినంక చెప్దామనుకున్న. ముందు చెప్తే ఏడుస్తది."

సూర్యప్రభకు ఒక్కసారి తన అత్తగారు అనంతమ్మ గుర్తొచ్చింది. కొడుకు పేరు మారిపోయిన సంగతి ఆమెకు మార్కెట్‌లో ఎవరో పండ్ల వ్యాపారి చెప్పాడు. పండ్ల బుట్ట అక్కడే వదిలేసి ఇంటికి వెళ్ళిపోయిందట. నాలుగేళ్ళు కొడుకుని గడప తొక్కనివ్వలేదు. ఆ కష్టం తన వల్లే వచ్చిందని సూర్యప్రభకు తెలుసు. తెలిసీ ఒక్కనాడూ ఆమె ముందు నిలబడి ఆ మాట అనలేదు. ఇప్పుడామె లేదు.

"ముందు మీ అమ్మకు చెప్పు బాబూ. ఏడిస్తే ఏడవనీ. కానీ నీ నోటి నుంచే విననీ" అంది.

శనివారం పొద్దున పాస్టరుగారి గదిలో పెద్దలు, పిల్లలిద్దరూ, నాగేశ్వరి మళ్ళీ చేరారు. సూర్యప్రభే లేచి నిలబడింది. పోయిన ఆదివారం ఆ అబ్బాయి చెప్పిన సాక్ష్యం తను రాసిన కథలోదని, అంతకుముందు అది తన తండ్రి రాసి ఇచ్చిందని, నాగేశ్వరి కళ్ళతో ఎంత వారిస్తున్నా ఆపకుండా చెప్పేసింది. పెద్దలు తెల్లబోయి ప్రసన్నకుమార్ వైపు చూశారు. ఆయన దాచుకోకుండా తల ఊపాడు. తర్వాత ప్రణీత్ తన స్పూన్ సంగతి చెప్పాడు. వాళ్ళమ్మ మూడు రోజులుగా అన్నం తినలేదని, అయినా ఈ పొద్దున 'పోయిరా' అన్నదని కూడా చెప్పాడు.

గదిలో ఎవరూ హల్లెలూయా అనలేదు.

పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నిజం చెప్పావు బాబూ. సంతోషం. కానీ ఇంత మాత్రంతో నిన్ను నీళ్ళలోకి దింపలేను. దింపకుండా ఇక్కడ పెళ్ళి చెయ్యలేను. ఎదురుచూడు. ఏడాదో, రెండేళ్ళో."

"ఎదురుచూస్తే తప్పకుండా మారుతనని చెప్పలేను సార్. చెప్తే మళ్ళ బట్టీ పట్టినట్టే అయితది" అన్నాడు ప్రణీత్.

"మొదటిదే ఉండనిస్తే పోయేదిగా వదినా!" అని నాగేశ్వరి చెవి దగ్గర గొణిగింది. ఆమె కళ్ళల్లో కూడా నీళ్ళే. "పిల్లకి తెల్లచీర కూడా కొనేశారు కదా... మీ నోటితో మీరే చెడగొట్టుకున్నారు!"

ఆ మాటకు సూర్యప్రభ గుండె చెరువైపోయింది. నిజమే! చిన్నప్పటి నుంచీ ఈ చర్చి నడవలో తెల్లచీరతో నడవాలని జ్యోతిక ఎంత కలగన్నది! ఆ కలను కన్నతల్లే చేతులారా... తను చేసింది తప్పా, ఒప్పా? ఎవరు చెబుతారు?

అప్పుడు ప్రసన్నకుమార్ లేచాడు. "అయ్యగారూ, బిడ్డ బయట పెండ్లి చేసుకుంటే నేను సంఘపెద్దగ ఉండొద్దు గద. నన్ను తీసెయ్యిన్రి. ఆదివారం మాత్రం వస్త. వెనక బెంచీల కూసుంట."

ఆయన గొంతు వణకలేదు. ఇరవై ఏడేళ్ళ కిందట వణికిన ఆ గొంతు ఈ రోజు వణకలేదు! సూర్యప్రభ ఆయన్ని అలా చూస్తూనే ఉండిపోయింది.

చర్చి మెట్ల దగ్గర జ్యోతిక తల్లిని పట్టుకుని ఏడ్చేసింది. "కోపం లేదమ్మా. బాధగా ఉందంతే. రిజిస్ట్రారాఫీసులో చేసుకుంటాం. నేను చర్చికి వస్తూనే ఉంటాను. తను వస్తే వస్తాడు."

"రాకపోతే?"

"రాకపోతే ఏడుస్తాను. ప్రార్థన చేస్తాను. మళ్ళీ ఏడుస్తాను. కానీ ఎవరితో కాపురం చేస్తున్నానో నాకు తెలిసే ఏడుస్తాను కదమ్మా!"

సూర్యప్రభ కూతురి చెంపలు రెండు చేతులతో తుడిచింది. ఎన్ని కథల్లో ఎంతమంది అమ్మాయిల చేత ఏమేమి మాట్లాడించింది! ఇలా మాట్లాడే పిల్ల తన ఇంట్లోనే పెరుగుతుంటే ఒక్కనాడూ చూడలేదు...

పది రోజుల తర్వాత పిల్లలిద్దరూ రిజిస్ట్రారాఫీసులో నోటీసు ఇచ్చి వచ్చారు. ఇంకో నెల రోజులు ఆగాలి. ప్రణీత్ వాళ్ళమ్మ సంతకాల రోజున వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు.

ఆ మధ్యాహ్నం ప్రసన్నకుమార్ హాల్లో నేల మీద కూర్చుని మిక్సీ విప్పుతున్నాడు. సూర్యప్రభ వచ్చి ఆయనకు ఎదురుగా కూర్చుంది. చాలాసేపు మరలను వరసగా పేర్చింది.

"ఏమండీ... చేసుకునేదాన్ని."

"ఏంది?"

"మీరు మునగకపోయినా మిమ్మల్నే చేసుకునేదాన్ని." చేతిలోని మరను నేల మీద పెట్టింది. "బట్టలు కూడా సంచిలో సర్దుకున్నాను ఆ రోజు. మా నాన్న ఒప్పుకోకపోతే వచ్చేద్దామని. మెట్ల దగ్గర మీరు అడిగినప్పుడు ఆ సంచి లోపల మంచం కిందే ఉంది. చెబితే మీరు దిగరని, సంఘంలో మా నాన్న తల ఎత్తుకోలేడని... చెప్పలేదు. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే అత్తమ్మ నాలుగేళ్ళు మీకు దూరమయ్యేది కాదు. ఇన్నేళ్ళూ మీ నమ్మకాన్ని అనుమానించాను గానీ, నాదే... నాదే నిలబడలేదండీ ఆ రోజు!"

ఆమె భోరున ఏడ్చింది. ఆయన స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. కిటికీలోంచి వచ్చే ఎండలో ఆమెనే చూస్తూ కూర్చున్నాడు.

"అయితే ఉత్తగనే మునిగిన్నన్నమాట!" అన్నాడు చివరికి.

"తిట్టండి... తిట్టండి నన్ను..."

"ఏం తిట్టాలె? నీళ్ళు చల్లగ మంచిగనే ఉండె." ఆయన చెయ్యి చాచి ఆమె చెంప మీది తడిని బొటనవేలితో తుడిచాడు. గ్రీజు మరక అంటుకుంది. "ఇగ ఊకో. జవాబైతే ముట్టింది."